సైరాకాన్ వేలి నెత్తురు

కాలిబెక్‌కు పదేళ్లుగా షుగరు. రోజూ పొద్దున్నే వేలు గుచ్చుకుని, మీటరులో వచ్చిన అంకెను భార్య సైరాకాన్‌కు చూపించాలి. వాళ్ల మీటరు లెక్కలో పది, అంటే మన నూట ఎనభై, దాటితే గుర్రాలతో కొండ మీది వేసవి మేతకు పంపనని ఆమె తేల్చి చెప్పింది. నిన్న పెళ్లిలో అతను హల్వా గట్టిగానే లాగించాడు.

ఆ పొద్దున కంబళి కుడుతున్న సైరాకాన్ వేలికి సూది గుచ్చుకుంది.

"అయ్యో, ఏదీ ఇలా చూపించవే!" అంటూ కాలిబెక్ ఆ నెత్తుటి చుక్కను తుడుస్తున్నట్టే తుడిచి, మీటరు స్ట్రిప్పుకు అద్దాడు. ఆనక అంకెయినా చూసుకోకుండా దర్జాగా ఆమె ముందు పెట్టాడు.

"ఇదిగో, నా షుగరు!"

"పద్దెనిమిది! ఏం మింగావయ్యా ముసలోడా?"

కాలిబెక్ ముఖం పాలిపోయింది. "నాది కాదే, నీ నెత్తురే అది! నీకూ వచ్చిందే ఈ మాయరోగం! నువ్వు పోతే నన్ను తిట్టేదెవరే?" అని బావురుమన్నాడు.

సైరాకాన్ లేచి, చేతులు శుభ్రంగా కడుక్కుని, మళ్లీ గుచ్చుకుంది. అయిదే వచ్చింది.

"ఏడవకు. నా వేళ్లకు తేనె అంటుకుంది, అంతే" అంది సిగ్గుపడుతూ. "ఇంట్లో ఉంటే నువ్వు తాగేస్తావని రోజూ నేనే నాకేస్తున్నా. సరేగానీ, ఇప్పుడు నీ వేలు ఇటివ్వు."

కాలిబెక్ రెండు చేతులూ చంకల్లో దాచుకున్నాడు.