నీళ్ళ బొమ్మలో తేడా

"ముప్ఫై శాతం తేడా! దీన్ని లెక్కంటారా, కాకిలెక్కంటారా?" అంటూ పెద్ద డాక్టరు స్కానింగ్ గదిలో బల్ల చరిచాడు.

టెక్నీషియన్ తల వంచుకుంది. మిషన్ మంచం మీద మనిషి మొండెమంత ప్లాస్టిక్ బొమ్మ పడుకుని ఉంది. దాని నిండా నీళ్ళు. ఆ నీళ్ళలో ఆమె పొద్దున్నే రెండు రకాల రేడియో మందులు కొలిచి కలిపింది. ఒక మందు కిరణాలు రెండో మందు లెక్కలోకి చొరబడి గుండె స్కాన్లు తప్పుతున్నాయని, ఆ చొరబాటును తీసేసే పద్ధతి ఒకటి రెండేళ్ళు కిందామీదా పడి తయారుచేసింది. తను ఎంత కలిపిందో మిషన్ కూడా అంతే చెప్పాలి. మొదటి మందు సరిగ్గానే చెబుతోంది. ఆయన దగ్గరుండి చూస్తున్న ఈ మూడు రోజులూ రెండోది మాత్రం ఎగబాకుతోంది.

"సాయంత్రంలోగా ఐదు శాతానికి దిగకపోతే నీ పద్ధతి చెత్తబుట్టలోకి, నువ్వు ఎక్స్‌రే గదిలోకి!" అనేసి ఆయన విసవిసా బయటికి నడిచాడు.

ఆమె కళ్ళు తుడుచుకుని మళ్ళీ స్కాన్ చేసింది. రెండు శాతం! పరుగున వెళ్ళి ఆయన్ని పిలుచుకొచ్చింది. ఆయన బొమ్మ మీదికి వంగి నిలబడ్డాడు. ముప్ఫై.

"ఏం, నన్ను చూసి మిషన్‌కి దడుపు జ్వరమా?"

"ఆ ఇనప కుర్చీ వల్లేమో సార్."

కుర్చీ తీసేశారు. ముప్ఫై. గోడ గడియారం దించారు. ముప్ఫై. ఆయన మెడలో స్టెతస్కోపు కూడా బయట పెట్టించారు. ముప్ఫై ఒకటి.

"సార్‌ని కూడా ఓసారి బయట పెట్టి చూడండమ్మా," అంది గుమ్మంలో నేల తుడుస్తున్న ఆయా.

ఆయన గుర్రుగా చూసి ఒకడుగు వెనక్కి వేశాడు. ఇరవై. గోడ దాకా వెళ్ళాడు. తొమ్మిది. ముందుకొచ్చాడు. మళ్ళీ ముప్ఫై. టెక్నీషియన్ రేడియేషన్ మీటరు తెచ్చి ఆయన ఛాతీ దగ్గర పెట్టింది. అది కీచుకీచుమని గోల పెట్టింది. ఆయా బకెట్ ఎత్తుకుని మెల్లగా జారుకుంది.

"సార్... మీరు..."

"ష్! మా ఆవిడక్కూడా తెలీదు. మెట్లెక్కుతుంటే గుండె పట్టేస్తోంది. మూడు రోజుల క్రితం ఎదుటి ఆస్పత్రిలో ఈ రెండో మందే ఎక్కించుకుని స్కాన్ చేయించుకున్నా. అది ఇంకా ఒంట్లోంచి పోలేదన్నమాట."

"మన దగ్గర ఇదే స్కాన్ ఉంది కదా సార్?"

"నీ లెక్కలు నమ్మబుద్ధి కాలేదమ్మా."

ఆమెకి చివుక్కుమంది. అయినా ఉండబట్టలేక అడిగింది. "మరి వాళ్ళేమన్నారు?"

"గుండె గుండ్రాయిలా ఉందన్నారు."

"మంచిదే కదా సార్!"

ఆయన వసారాలోకి తొంగిచూసి, తలుపు దగ్గరగా వేసి, బూట్లు విప్పడం మొదలుపెట్టాడు.

"వాళ్ళని అస్సలు నమ్మలేకపోతున్నా. ఆ బొమ్మని దించు, నేను పడుకుంటాను."