పిట్ట ముట్టని విస్తరి

"మేకకూర పెట్టినం, కల్లు పోసినం, బీడీ కట్ట గూడ పెట్టినం. ఇంకేం గావాలెరా కొడుకా నీకు?" విస్తరి వైపు చూసి అడిగింది బాలవ్వ.

తుమ్మచెట్టు మీది కాకి తల అటు తిప్పుకొంది.

లక్సెట్టిపేట దాటాక వాగు పక్కన, బాలమల్లును మట్టి చేసిన అతని మెట్ట చెలకలోనే పిట్టకు పెట్టారు. కాకి వచ్చి ముడితేనే పోయినవాడు తృప్తి పడ్డట్టు. అప్పటిదాకా ఎవరి నోట్లోకీ మెతుకు పోకూడదు. పొద్దున దుఃఖంతో వచ్చిన చుట్టాలు పొద్దు నెత్తిమీదికి వచ్చేసరికి ఉత్త ఆకలితో మిగిలారు. విస్తరి చుట్టూ గోడ కట్టినట్టు నిలబడి, పిట్ట ఎందుకు రావడం లేదా అని ఆశ్చర్యపోతున్నారు.

వాళ్లలో లింగమూర్తి ఒకడు. కరీంనగర్‌లో లారీల మెకానిక్. గ్రానైటు లారీ తోలే బాలమల్లు అతనికి చిన్ననాటి దోస్తు. కామెర్లతో దోస్తు పోయాడని ఫోను వచ్చినప్పటి నుంచి లింగమూర్తి లోపల ఏదీ కదలడం లేదు. ఏడుపు రాలేదు. ఎవరో చేతిలో పెట్టిన చాయ్ చల్లారిపోతే, ఎవరో వచ్చి తీసుకుపోయారు.

పిట్ట రాలేదంటే పోయినవాడి మనసులో ఏదో మిగిలిందని అర్థం. అదేదో తీరుస్తామని నలుగురి ముందు మాటివ్వాలి. ఇచ్చాక తప్పడానికి లేదు. బాలమల్లు తమ్ముడు కొమురెల్లి చేతులు జోడించాడు.

"అన్నా, అవ్వను నేను సూసుకుంట. ముట్టరాదే."

కాకి ముట్టలేదు.

"వేములవాడ గుడిల మొక్కు కోడెను కడ్తం."

కాకి ఈకలు దువ్వుకుంది.

"వదినె ఫికర్ పెట్టుకోకు. గీ చెలక నేనే దున్నుకుంట. గా ఖరాబైన నీళ్ల ఇంజన్‌ను రేపే పాతసామానోనికి ఏసేస్తం. ఆడిమనిషి ఒక్కతి వాగు నీళ్లు ఎట్ల ఎక్కిస్తది? ముట్టే అన్నా!"

కాకి ఇంకాస్త పై కొమ్మకు ఎక్కింది.

"ఒప్పుకుంటలేడు," అన్నారెవరో వెనక నుంచి.

అప్పుడు కోమల నోరు తెరిచింది. మొగుడు పోయిన కాడి నుంచి ఆమె ఏడ్చిందీ లేదు, మాట్లాడిందీ లేదు. ముట్టుకుంటే చల్లగా తగిలే బండలా కూర్చుంది.

"ఇంజనే," అంది.

"ఏమంటున్నవ్ బిడ్డా?" బాలవ్వ వంగింది.

"ఆయిన పానం గా ఇంజన్ల ఉన్నదత్తా. దాని బ్లాకుల హెడ్డును బిగిచ్చే బోల్టు, గా స్టడ్డొకటి తుప్పువట్టి ఇరుక్కున్నది. బ్లాకు పలగకుంట తియ్యాలె, ఇంజన్ నడవాలె అని దవఖాన్ల గదే కలవరిచ్చిండు."

అందరి కళ్లూ లింగమూర్తి మీదికి తిరిగాయి.

"దానికేమున్నది, సుత్తెతోని రెండు దెబ్బలేస్తె ఊడస్తది," అన్నాడు కొమురెల్లి.

"ఊడదు, ఇరుగుతది. ముక్క లోపల్నే ఉండిపోతె బ్లాకు పాతసామానుకే," అన్నాడు లింగమూర్తి.

"అయితే ఇను కొమురెల్లీ," బాలవ్వ వేలు చూపించింది. "స్టడ్డు మంచిగ వస్తె ఇంజన్ అమ్మనని, చెలక జోలికి పోనని అన్నకు మాటియ్యి."

కొమురెల్లి చుట్టూ చూశాడు. ఆకలి మీదున్న మొఖాలు. "సరే. ఇరిగితే మాత్రం ఇనుముకే," అన్నాడు.

అందరూ రేకుల షెడ్డు వైపు కదిలారు. హెడ్డు విప్పిన ఇంజన్ బ్లాకులోంచి స్టడ్డు, తుప్పుపట్టిన వేలులా పైకి నిలబడి ఉంది. లింగమూర్తి బండి మీది సామాను సంచీ విప్పాడు. వంటవాళ్ల గ్యాసు బండ తెప్పించి మంటగొట్టం తగిలించాడు. మంటను స్టడ్డు మీద కాదు, దాని చుట్టూ ఉన్న బ్లాకు మీద తిప్పాడు.

"ఎందుకట్ల?" అన్నాడు కొమురెల్లి.

"బ్లాకు ఉబ్బితె పట్టు ఒదులుతది."

వేడెక్కాక షెడ్డు గూట్లో ఉన్న కొవ్వొత్తి తీసి స్టడ్డు మొదట్లో రాశాడు. మైనం కరిగి మరల్లోకి దిగింది. రెండు నట్లు ఎక్కించి ఒకదానికొకటి ఎదురు బిగించాడు. ఇక కింది నట్టును తిప్పితే స్టడ్డే తిరగాలి. చెయ్యి చాపాడు. అడగకముందే సరైన పానా అందులో పడింది. ఇచ్చింది కోమల. ఆ సంగతి కూడా అతనికి పట్టలేదు.

"గదేంది, బిగిస్తున్నవ్?" కొమురెల్లి అరిచాడు.

"ముందు జరంత బిగిస్తెనే తుప్పు పలుగుతది. తర్వాత వదిలియ్యాలె."

"ఎంతసేపే? కడుపుల ఎలుకలు ఉరుకుతున్నయ్."

"మీ అన్న కడుపుల పొద్దుటి సంది ఉరుకుతున్నయ్ గదరా, నోర్మూసుకో," అంది బాలవ్వ.

ఇటు వెంట్రుకవాసి, అటు వెంట్రుకవాసి. లింగమూర్తి చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. ఇరిగితే దోస్తు ఆఖరి కోరికను తన చేత్తో ఇరిచినట్టే. ఆ భయం కూడా ఎక్కడో పక్కింట్లో ఎవరో దగ్గినట్టు వినిపిస్తోంది, అంతే.

కిర్రుమంది. పానా మెత్తగా తిరిగింది. ఇంకో చుట్టు, ఇంకో చుట్టు. స్టడ్డు మరలతో సహా చేతిలోకి వచ్చింది. లింగమూర్తి తడిమి చూశాడు. బ్లాకు మీద గీత కూడా లేదు.

సరిగ్గా అప్పుడే బయట ఎవరో కేక పెట్టారు. "ముట్టింది! పిట్ట ముట్టింది!"

మనిషన్నవాడు లేని విస్తరి మీద వాలి కాకి మేకకూర ముక్క లాగుతోంది. అందరూ దండాలు పెట్టి అన్నాల వైపు ఉరికారు. కొమురెల్లి అందరికంటే వెనక, కాళ్లీడ్చుకుంటూ నడిచాడు.

షెడ్డులో ఇద్దరే మిగిలారు. కోమల స్టడ్డు వదిలిన బొందలోకి దుమ్ము పోకుండా గుడ్డపేలిక దోపుతోంది. లింగమూర్తి కళ్లు మొదటిసారి తడయ్యాయి.

"బాలమల్లుకు గీ ఇంజనంటె గింత పానమని నాకు ఒక్కనాడన్న చెప్పలే వదినె."

కోమల బయటికి తొంగి చూసింది. భోజనాల బంతి కూర్చుంది. వడ్డన మొదలైంది. అప్పుడు గొంతు తగ్గించి అంది.

"మీ దోస్తు దీన్ని ఒక్కనాడు గూడ ముట్టలే."