చేతులు కాల్చుకోవడమంటే

“తనే చేసుకున్నాడని నేను కోడు వెయ్యను ఆపా. వేస్తే ఆ మనిషి బతుకు పోతుంది,” అంది పునీత, కీబోర్డు మీద నుంచి చేతులు తీసేసి.

పునీతకి అక్కలాంటి కనీజ్ ఫాతిమా కుర్చీ దగ్గరికి లాక్కుని స్క్రీన్ వైపు వంగింది. సైన్స్ పార్క్‌లోని ఆ ఆఫీసులో ఆసుపత్రి ఫైళ్ళు చదివి, ప్రతి జబ్బుకీ గాయానికీ తగిన కోడు వెయ్యడం పునీత పని. అది సరిచూసి పంపడం కనీజ్ పని.

ఫైలు విశ్వనాథం అనే యాభై నాలుగేళ్ళ మనిషిది. ఉండేది ఈ ఊళ్ళోనే, బుకిట్ బటోక్‌లో. ఏదో ల్యాబ్‌లో రసాయనాల స్టోరు చూస్తాడు. సింకు పైపులు శుభ్రం చేసే మందు పడి ఎడమ చెయ్యి, మణికట్టు కాలాయి. గాయం కోడులో పేచీ లేదు. మంటకి కాలితే ఒక కోడు, రసాయనానికి కాలితే ఇంకొకటి. పేచీ అంతా దాని పక్కన వెయ్యాల్సిన కోడుతోనే. పొరపాటున పడిందా, ఎవరైనా పోశారా, తనే పోసుకున్నాడా?

తనే అని రాశాడు డాక్టరు. నొప్పిలో ఆ మనిషి తెలుగులో గొణిగిన ఒక్క ముక్కను నర్సు ఫోన్‌లో తర్జుమా చేసి చూసిందట. తెలుగు ముక్క కూడా ఇంగ్లీషు అక్షరాల్లో ఫైల్లో ఉంది. “ఆరు నెలల నుంచి నా చేతులు నేనే కాల్చుకుంటున్నాను.”

సాయంత్రం మానసిక వైద్యుడు చూసేదాకా ఇంటికి పంపొద్దని కింద రాసి ఉంది. ఈ సంగతి ల్యాబ్‌కి తెలిస్తే స్టోరు తాళాలు మళ్ళీ అతని చేతికి రావు.

పునీతకి నవ్వు ఆగలేదు. సరిహద్దు అవతల జొహోర్‌లో ఉండే వాళ్ళ యర్రయ్య మావయ్య, అత్త పోయాక రోజూ అనే మాటే అది. “చేతులు కాల్చుకోవడమంటే వండుకోవడం, అంతే లా,” అంది మాట చివర ఇక్కడి యాస తగిలించి. “పాపం, ఇంట్లో వండిపెట్టే దిక్కు లేదేమో.”

“ఆ మాట నాకూ ఎరుకే. ఆయన ఏ అర్థంల అన్నడో నీకెట్ల ఎరుక?” అంది కనీజ్. మణికట్టు చుట్టూ పాత మచ్చలున్నాయని రాసిన చోట వేలు పెట్టింది.

నూనె చిట్లి ఉంటుందంది పునీత. వంట కొత్త కదా. సింకులో మెతుకులు అడ్డం పడితే గ్లౌజులు కూడా లేకుండా మందు పోసి ఉంటాడు. ‘తేలలేదు’ అనే కోడు కూడా ఒకటుంది, అది వేసి వదిలెయ్యమంది కనీజ్. పునీత వినలేదు. రాసినదాన్ని మార్చే హక్కు తనకి లేదు గానీ, అడిగే హక్కుంది. వార్డుకి ఫోన్ చేసి డాక్టరుకి ఆ మాటకు అర్థం విడమరిచి చెప్పింది.

డాక్టరు నవ్వాడు. విశ్వనాథం మంచం దగ్గరికి వెళ్ళి, ఇదంతా వంటగదిలో జరిగిన పొరపాటేనా అని అడిగాడట. ఆ మనిషి కాసేపు డాక్టరు ముఖం చూసి, అవునని తలూపాడట. ఫైల్లో మాట మారింది. మానసిక వైద్యుడు రానక్కర్లేదన్నారు. ఇంటికి పంపెయ్యమన్నారు. పునీత ‘పొరపాటు’ కోడు వేసింది. కనీజ్ దాన్ని సరిచూసి పంపేసింది.

నాలుగింటికి వార్డు నుంచి నర్సు ఫోన్ చేసింది. పేషెంటును తీసుకెళ్ళడానికి ఇంటి నుంచి ఒకావిడ వచ్చింది, కట్టు ఎలా మార్చాలో కాస్త తెలుగులో చెప్పమంది.

“నేను భానుమతినమ్మా, విశ్వనాథం గారి భార్యని,” అంది అవతలి గొంతు. “ఆయన కింద టాక్సీలో కూర్చున్నారు. తొందరగా చెప్పు.”

పునీత ఫైలు మళ్ళీ తెరిచింది. “మీరు ఇండియా నుంచి ఎప్పుడొచ్చారు ఆంటీ?”

“ఇండియా ఏంటి? రెండేళ్ళయింది నేను ఈ ఊరు కదిలి.”

“మరి... ఆరు నెలలుగా అంకులే వండుకుంటున్నారని...”

భానుమతి పకపకా నవ్వింది.

“ఆయనా? స్టవ్ ఎటు తిప్పితే వెలుగుతుందో ఇవాళ్టికీ తెలీదమ్మా ఆయనకి.”