జిలానీ వాళ్ళమ్మ

“నువ్వు రావద్దులే అమ్మా. నేనే పోటీ మానుకుంటాను,” అన్నాడు జిలానీ.

వాళ్ళమ్మ ఈనెలు తీస్తున్న కత్తి కింద పెట్టింది. “మానుకోడానికేనా ఇన్నాళ్ళూ కాళ్ళరిగేలా తిరిగేవు?”

కోనసీమ ముస్లిం విద్యార్థుల సంఘానికి అధ్యక్షుడి ఎన్నిక ఆ ఆదివారమే, అమలాపురంలో. మలికిపురం పక్క పల్లె నుంచి రోజూ బస్సులో డిగ్రీకి వెళ్ళొచ్చే జిలానీ పోటీకి నిలబడ్డాడు. మాట మంచిది, మనిషి నెమ్మది. గెలుస్తాడనే అందరూ అనుకుంటున్నారు.

చిక్కల్లా సంఘం పెట్టిన షరతుతోనే. వరసగా ముగ్గురు అధ్యక్షులు, మెళ్ళో దండ వాడకముందే వీసా వచ్చిందని కువైట్ విమానం ఎక్కేశారు. పదవి తీపే, కాదనలేం. దీనారు ఇంకా తీపి. అప్పట్నుంచి పోటీచేసే కుర్రాడి ఇంటిపెద్ద సభలో నిలబడి, ఏడాదిపాటు మా బిడ్డను ఎక్కడికీ పంపమని మాట ఇవ్వాలి. ఇచ్చేవాళ్ళు లేకపోతే పేరు కొట్టేస్తారు.

జిలానీ నాన్న ఉన్నదే కువైట్‌లో. ఇక మిగిలింది అమ్మ.

“అంతమందిలో నిన్ను నిలబెట్టడం నాకిష్టం లేదమ్మా. ఎవరైనా ఏమైనా అంటే?”

“చీపుళ్ళు కట్టుకునేదాన్నని నవ్వితే నవ్వనీ. నీకంటూ నలుగురు ఉండాల్రా. నేనెంతకాలం ఉంటాను? పండగపూట నమాజుకెళ్ళి, ఓ పక్కన నిలబడి, ఒక్కడివే తిరిగొచ్చేస్తావు. తిని వెళ్ళమని ఒక్కరూ పిలవరు. అది చూసినప్పుడల్లా నా కడుపు తరుక్కుపోద్ది.”



ఆవిడ లేచి మంచం కింద రేకుపెట్టె లాగింది. తొంభై ఆరు తుఫానుకి వాళ్ళ పేటంతా కొట్టుకుపోయింది. ఆరేళ్ళ జిలానీని చీరకొంగుతో నడుముకి కట్టుకుని, నీళ్ళు తీసేదాకా కొబ్బరిచెట్టుని వాటేసుకుని ఉండిపోయిందావిడ. తర్వాత బురదలో దొరికింది ఆ పెట్టె ఒక్కటే. దాని అడుగునుంచి నల్ల బురఖా బయటికి తీసింది. కలరా ఉండల వాసన గుప్పుమంది. దాన్ని ముఖానికి అద్దుకుని చాలాసేపు అలాగే కూర్చుంది.

ఆదివారం ఆ బురఖాని సంచిలో పెట్టుకుని బస్సెక్కింది. “ఇప్పుడే వేసుకుంటే దుమ్ము పట్టేద్దిరా,” అంది. దారంతా పెదవులు కదుపుతూనే ఉంది, సభలో మాట తడబడకూడదని. అమలాపురం బస్టాండులో కుళాయి దగ్గర ముఖం రుద్ది రుద్ది కడుక్కుంది. ఆడవాళ్ళ వెయిటింగ్ రూములోకి వెళ్ళి బురఖా తొడుక్కుని వచ్చింది. ఆవిణ్ణి అలా చూడగానే జిలానీకి కళ్ళనీళ్ళు తిరిగాయి. అటు తిరిగి తుడుచుకున్నాడు.

సభ షాదీఖానాలో. ఆడవాళ్ళంతా ఓ వైపు కూర్చున్నారు. జిలానీ వాళ్ళమ్మ పక్కన ఉన్న ముసలావిడ మస్తాన్‌బీ. జిలానీ మీద పోటీకి నిలబడ్డ ముజీబ్‌కి నాయనమ్మ. ఆ ముసలావిడ చూపు ఎందుకో జిలానీ వాళ్ళమ్మ కాలి మెట్టెల మీద పడింది. అక్కడే కాసేపు ఆగి, మెల్లగా ముఖంలోకి వచ్చింది.

జిలానీ వాళ్ళమ్మ గబుక్కున పాదాలు వెనక్కి లాక్కుంది.

మస్తాన్‌బీ అటూ ఇటూ చూసింది. వంగి, బురఖా అంచు ఆవిడ పాదాల మీదకి లాగి సర్దింది. “భయపడకమ్మా. తల్లివి. ధైర్యంగా చెప్పు,” అంది.

పిలుపు వచ్చింది. సంఘం పెద్ద ఇస్మాయిల్ మాస్టారు మర్యాదగా లేచి నిలబడ్డారు. “మీ పేరేంటమ్మా?”

ఆవిడ బురఖా అంచు గుప్పిట్లో బిగించింది. జిలానీ తలెత్తలేదు.

“రజియా అండి,” అంది చివరికి.

“చెప్పండమ్మా.”

బస్సులో వల్లెవేసిన మాటలన్నీ ఎటు పోయాయో పోయాయి. “మా బిడ్డనండి... తుఫానులో అన్నీ పోయినా వీడొక్కడూ దక్కేడండి. ఏ పూటా నమాజు తప్పనివ్వలేదండి. రంజాన్ నెలంతా తెల్లారకుండా లేపి నేనే వండి పెట్టేనండి. ఎక్కడికీ పంపనండి. మీకు ఇచ్చేస్తున్నానండి. మీలో ఒకడిగా చూసుకోండి, చాలు.”

అంతే. ఏడ్చేసింది. ఆడవాళ్ళ వైపు చాలామంది కళ్ళు ఒత్తుకున్నారు. అందరికంటే ముందు మస్తాన్‌బీ.

చేతులెత్తి ఓట్లు వేశారు. ముజీబ్‌కి జిలానీకి వచ్చినవాటిలో సగం కూడా రాలేదు. “ఆ తల్లి మాటకే వేసేరయ్యా నీకు,” అన్నారు ఇస్మాయిల్ మాస్టారు దండ వేస్తూ. కుర్రాళ్ళు జిలానీని భుజాలకెత్తుకున్నారు. “ఇవాళ మా ఇంట్లోనే భోజనం భాయ్!” అని ఒకడు, కాదు మా ఇంట్లోనని ఇంకొకడు. ఎన్ని పండగలు ఎదురుచూసిన పిలుపు అది!

జిలానీ ఆ భుజాల మీంచే అమ్మ కోసం వెతికాడు. ఆవిడ అప్పటికే గుమ్మం దాటుతోంది. వెనక్కి తిరిగి, తిని రమ్మని చేత్తో సైగ చేసి వెళ్ళిపోయింది.

బస్టాండులో మలికిపురం బస్సు సిద్ధంగా ఉంది. ఆవిడ వెయిటింగ్ రూములోకి వెళ్ళి బురఖా విప్పింది. నలగకుండా మడతపెట్టి, ఒళ్ళో పెట్టుకుని నిమిరింది.

“తుఫానప్పుడు నా చేతికిచ్చిపోయిన నీ బిడ్డ గెలిచేడు రజియా,” అని ఆ బురఖాతో చెప్పి, సంచిలోంచి తిలకం సీసా తీసి, పొద్దున కుళాయి దగ్గర రుద్ది కడిగేసుకున్న బొట్టు మళ్ళీ పెట్టుకుంది పార్వతి.