ఐనో చేతి ఉప్పు

“ఒక్క మాట చెప్పండి ఐనో, ఆ పదకొండులో మీవెన్ని?”

కొలతలు పరిశీలించే జోసియాన్ ఇంక ఆగలేకపోయింది. నికెల్ గనిలో రెండు కిలోమీటర్ల లోతున ఉన్న ప్రయోగశాల అది. సమావేశం గదికి అప్పటికి ముగ్గురే వచ్చారు.

ఐనో తలెత్తలేదు. “పదింటిదాకా ఆగు తల్లీ. నియమం నియమమే.”

ఆ నియమాన్ని తిట్టుకోనివాళ్లు అక్కడ లేరు, తప్పినవాళ్లూ లేరు. కృష్ణపదార్థపు (డార్క్ మ్యాటర్) తేలికపాటి కణం యంత్రంలోని స్ఫటికాన్ని తాకితే పుట్టే కదలిక ఉందా లేదా అన్నంత సన్నం. ఆశపడ్డ కంటికి లేనిది కూడా కనిపిస్తుంది. అందుకే, చూసేవాళ్లు ఒళ్లు దగ్గర పెట్టుకుని చూడాలని, ఏటా ఒకరు కొన్ని దొంగ కదలికలను గుట్టుగా కొలతల్లో కలుపుతారు. దాన్నే ఉప్పు వేయడం అంటారు. ఆరేళ్లుగా ఆ పని ఐనోదే. ఎన్ని కలిపాడో పరిశీలన ముగిసేదాకా నరమానవుడికి చెప్పడు.

ఇన్నేళ్లూ దొరికినవన్నీ చివరికి ఉప్పుగానే తేలాయి. ఈసారి జోసియాన్‌కు పదకొండు కదలికలు దొరికాయి. దుమ్ము కాదు, రాతిలోని రేడియేషన్ కాదు, యంత్రం లోపం కాదు. అయితే కణమే అయ్యుండాలి, లేదా ఐనో ఉప్పు. ఉప్పే అయితే నెలాఖరుకు ప్రయోగాన్ని మూసేస్తారు.

“ఏటా ఈయన వేసేది పదో పన్నెండో. నీకు దొరికినవి పదకొండు. పెట్టె సర్దుకో ఇంక!” అన్నాడు డగల్, యంత్రం చూసుకునేవాడు.

“నోర్ముయ్ డగల్! ఇక్కడ నా ప్రాణం పోతోంది.”

డగల్ నవ్వబోయి ఐనోను చూసి ఆగిపోయాడు. ఏటా ఈ రోజున ఏలకుల రొట్టె చేసుకొచ్చి అందరికీ పంచే మనిషి, ఉత్తచేతులతో వచ్చాడు.

జోసియాన్ బల్ల మీదికి వంగింది. “అన్నీ మీవేనా? అందుకేనా నా మొహం చూడట్లేదు?”

ఐనో గడియారం వైపు చూశాడు.

పదయింది. టొరంటో నుంచి బృందం పెద్ద హిల్డా తెర మీదికొచ్చింది. “చెప్పండి ఐనో, ఎన్ని?”

ఐనో కుర్చీ పట్టుకుని లేచాడు. “నన్ను క్షమించండి.”

అయిపోయింది. జోసియాన్ కళ్లు మూసుకుంది.

“చలికాలమంతా మా ఆవిడ ఆసుపత్రిలోనే ఉంది. నాకు మనసు మనసులో లేదు. మీకు చెప్పడానికి భయమేసింది...”

“ఏం చెప్పడానికి?” అంది హిల్డా.

“ఈసారి నేను ఉప్పు వెయ్యనేలేదు.”