చలికి మొరాయించని బండి

రౌనీ చేప పొట్ట కోస్తుండగా వాకిట్లో ట్రక్కు ఆగింది.

పళ్ళెంలో ఇంకా నాలుగున్నాయి. అన్నీ ఎర్రపొట్ట చేపలే. నిన్న ఆమె భర్త ఔలిస్ హౌకి సరస్సు మీద మంచు తొలిచి పట్టానంటూ తెచ్చినవి. చేతులు కడుక్కుని, కోటు భుజాన వేసుకుని బయటికి వచ్చింది.

ట్రక్కులోంచి తోర్స్తి దిగాడు. పట్నంలో మంచు మీద నడిచే బండ్లు అమ్మే కుర్రవాడు. వెనక రెండు కొత్త బండ్లు కట్టి తెచ్చాడు. ఒకటి పెట్రోలుది, ఒకటి బ్యాటరీది.

"ఎక్కి చూసుకోండి. ఊరికే ఎక్కినందుకు డబ్బులడగను."

"అడిగినా మా ఆయన ఇవ్వడులే," అంది రౌనీ.

ఔలిస్ కుంటుకుంటూ వెళ్ళి పెట్రోలు బండి చుట్టూ తిరిగాడు.

నిరుడు ఇలాంటి బండే అతణ్ణి ముంచింది. మంచు తుఫానులో దారి తప్పి కొండ అవతల తేలాడు. బండి చలికి మొరాయించింది. తాడు ఎంత లాగినా ఇంజను కదల్లేదు. అక్కడ మడుగు ఒడ్డున ఒంటరిగా ఉండే సీర్కా చూసి, ఇంట్లోకి లాక్కుపోయి బతికించింది. కుడికాలి వేళ్ళు రెండు పోయాయి. రౌనీ ఆ మహాతల్లికి ఊలు చేతొడుగులు అల్లి పంపింది.

"ఈసారి కొనేది మొరాయించకూడదు," అంది రౌనీ. "మళ్ళీ దారిలో ఆగితే పోయేది వేళ్ళు కాదు. ఆ కాలితో స్కీల మీద నడిచి కూడా రాలేడు."

"విన్నావా తోర్స్తీ? నాకప్పుడే గుంత తవ్వేస్తోంది," అన్నాడు ఔలిస్.

"గడ్డకట్టిన నేలలో ఎవరు తవ్వుతారు? పోదలుచుకుంటే వేసవిలో పో."

తోర్స్తి పగలబడి నవ్వాడు. "ఇంతకీ ఎంత దూరం తిరుగుతారు? అది చెబితే ఏది మంచిదో నేనే చెప్తాను."

ఔలిస్ భార్య వైపోసారి చూశాడు. "దూరమేముంది? హౌకి సరస్సుకి వెళ్ళి రావడమే. ఇంకెక్కడికి పోతాను?"

"శనివారం వస్తే చాలు, అక్కడే," అంది రౌనీ.

"అయితే బ్యాటరీదే మీకు సరి. మీట నొక్కితే కదులుతుంది, తాడుతో పనిలేదు. పొగ లేదు, చప్పుడు లేదు. తెల్లారకముందే వెళ్ళినా ఈవిడకు మెలకువ రాదు."

చప్పుడు లేదన్న మాట ఔలిస్‌కు నచ్చింది. ఎక్కి కూర్చుని మీట నొక్కాడు. అడవి అంచు దాకా దూసుకుపోయాడు.

అతను కనుమరుగయ్యాక తోర్స్తి గొంతు తగ్గించాడు. "ఒక్క సంగతండీ. చలి బాగా ముదిరితే బ్యాటరీ సగానికి సగం పడిపోతుంది. బయల్దేరేటప్పుడు నిండుగా ఉన్నట్టే చూపిస్తుంది, నమ్మకూడదు. సరస్సుకి వెళ్ళి రావడానికి ఢోకా లేదు. కొండెక్కితే మాత్రం నెత్తిన ఆగిపోతుంది. అక్కడ ఫోను కూడా అందదు. ఆయనతో చెప్పండి."

"చెప్తాను."

"అటు వెళ్ళే పనుంటే పెట్రోలుదే మేలు."

"కొండ మీద మాకేం పని? ఇదే దించు. ఆ పాతది నువ్వు పట్టుకుపో. ఇక్కడుంటే మళ్ళీ దాన్నే ఎక్కుతాడు."

తోర్స్తి వెళ్ళేటప్పుడు రెండు చేపలు కాగితంలో చుట్టి ఇచ్చింది.

"అబ్బ, ఏం చేపలండీ! ఎక్కడివి?"

"మా ఆయన్నడుగు."

"హౌకి సరస్సువే," అన్నాడు ఔలిస్.

డిసెంబరంతా మబ్బు కమ్ముకునే ఉంది. చలి పెద్దగా లేదు. ప్రతి శనివారం ఔలిస్ చీకటితోనే వెళ్ళాడు, చీకటి పడ్డాక చేపలతో వచ్చాడు. బండి ఒక్కసారి కూడా ఆగలేదు.

"నువ్వు ఎంచిన బండి బంగారమే," అన్నాడొకనాడు, రౌనీ చేపలకు ఉప్పు పట్టిస్తుంటే.

"మొగుణ్ణి ఎంచుకోవడం దగ్గరే తప్పాను," అంది రౌనీ. ఇద్దరూ నవ్వుకున్నారు.

జనవరిలో ఆకాశం తేటబడింది. రాత్రంతా ఇంటి దూలాలు చలికి చిటపటమన్నాయి. శనివారం పొద్దున కిటికీ బయటి థర్మామీటరు సున్నాకు దిగువన ముప్పై ఎనిమిది చూపించింది.

రౌనీ ఫ్లాస్కులో కాఫీ పోసింది. పొయ్యి పైన ఆరిన ఊలు మేజోళ్ళు తెచ్చి భర్త ఒళ్ళో పెట్టింది.

"ఇవాళ మానుకోరాదూ?"

"ఎందుకు? బ్యాటరీ నిండుగా ఉంది. ఇప్పుడే చూసొచ్చాను."

తోర్స్తి చెప్పిన సంగతి రౌనీ చెప్పబోయింది. ఆగింది.

"హౌకి సరస్సుకేగా?"

"ఎన్నిసార్లడుగుతావు? అక్కడికే."

"ఇంకెక్కడికైనా అయితే ఇప్పుడే చెప్పు, ఔలిస్."

అతను వంగి బూటు తాడు బిగించుకుంటున్నాడు. తలెత్తలేదు.

"హౌకి సరస్సుకే అన్నానా!"

"అయితే భయం లేదు," అంది రౌనీ. ఫ్లాస్కు మూత గట్టిగా తిప్పి చేతికిచ్చింది.

ఔలిస్ టోపీ చెవుల మీదికి లాక్కుని, తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఎర్రపొట్ట చేప హౌకి సరస్సులో బతకదని, ఆ చుట్టుపక్కల అది దొరికేది కొండ అవతల సీర్కా గుమ్మం ముందరి మడుగులోనేనని, ఆ సరస్సు ఒడ్డునే పుట్టి పెరిగిన రౌనీకి చిన్నప్పటినుంచీ తెలుసు.