నిద్రముఖం

“అబ్బ! ఇది ముఖం కడుక్కుని వచ్చిందే!”

ముసలాయన వెండి నాణేన్ని అంచులతో పట్టుకుని, దీపం కింద అటూ ఇటూ వంచి చూశాడు.

పాత నాణేల కొట్లో కుర్చీ ఎక్కి వారమైనా కాని ఆమెకి ప్రాణం లేచి వచ్చింది. మొదటి బేరం!

“మచ్చ లేదు, గీత లేదు. అచ్చు గుద్దిన నాటి మెరుపండీ,” అంది.

“ఇచ్చెయ్యమ్మా. నాకిలాంటివే కావాలి.”

చెప్పిన ధర మారు మాట్లాడకుండా ఇచ్చి, నాణేన్ని రుమాల్లో చుట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ కుర్చీ ఆమెకి ఊరికే రాలేదు. భర్త పోయి, చంటిపిల్లతో దిక్కుతోచక నిలబడ్డప్పుడు, చూపు మసకబారిన మేనమామ కొట్టు తాళాలు చేతిలో పెట్టాడు. పెడుతూ పెడుతూ ఒక మెలిక కూడా పెట్టాడు.

“కొట్టు పరువంతా మన కంట్లో ఉందమ్మా. నువ్వు మంచిదని అమ్మిన నాణెం ఒక్కటి తప్పని తిరిగొచ్చినా కుర్చీ దిగాల్సిందే. మేనకోడలివని చూడను.”

మామయ్య మాటంటే మాటే.

ఇంతాచేసి పనేమిటంటే, నాణెం ఒళ్ళు చూడటం. ఎవరూ తోమని నాణేన్ని దీపం కింద వంచితే, వెలుగు దాని మీద గుండ్రంగా తిరుగుతుంది. నల్లబడిందని ఏ మహానుభావుడో పొడి వేసి తోమాడా, అదీ మెరుస్తుంది. ఇంకా ఎక్కువే మెరుస్తుంది. కానీ దాని మీద వెలుగు కదలదు, ఒళ్ళంతా వెంట్రుకల్లాంటి గీతలుంటాయి. దాని విలువ అక్కడితో సరి. చెప్పడానికి ఇంతే. కంటికి పట్టుబడటానికే కాలం పడుతుంది.

ముసలాయన మళ్ళీ వచ్చాడు. వస్తూనే ఉన్నాడు. ట్రేలో ఉన్నవన్నీ ఒక్కొక్కటే వంచి చూసేవాడు.

మసకగా ఉన్నవాటిని, “దీనిది నిద్రముఖం. లేపకమ్మా,” అని పక్కన పెట్టేసేవాడు.

తళతళలాడేది కనబడితే మాత్రం, “ఇదిగో, ఇది కడుక్కుని వచ్చింది,” అని కొనేసేవాడు.

ఆమె ఆయనకి తళుకుల తాత అని పేరు పెట్టింది. పక్క కొట్లో గడియారాలు బాగుచేసే అతనితో చెప్పి నవ్వుకునేది కూడా.

“చంటిపిల్లాడిలా ఏది మెరిస్తే దానికి చెయ్యి చాస్తాడండీ పాపం.”

“అలాంటివాళ్ళు ఇంకో నలుగురు తగిలితే మేడ కట్టేస్తావమ్మా!”

సాయంత్రం ఇంటికెళ్తే మామయ్య ప్రశ్న ఒక్కటే.

“ఏదైనా తిరిగొచ్చిందా?”

“లేదు మామయ్యా.”

“నీది మామూలు కన్ను కాదే తల్లీ!”

ఆమె పొంగిపోయేది. పిల్లని బళ్ళో వేసింది. చూస్తూ చూస్తూ ఉండగా కన్ను కూడా కుదురుకుంది. మొదట్లో అమ్మినవి సరిగ్గానే చూశానా అని ఒక్కోసారి గుండెలో కలుక్కుమనేది. తిరిగి రాలేదుగా అని సర్దుకునేది.

ఒకరోజు కొట్టు నిండా జనం ఉండగా తాత వచ్చాడు. ట్రే అంతా చూశాడు. మళ్ళీ మొదటినుంచి చూశాడు.

“అన్నీ నిద్రముఖాలేనమ్మా!” అన్నాడు.

ఆమెకి విసుగు పుట్టింది.

“కొనేది లేకపోతే కాస్త పక్కకి జరుగు తాతా. వెనక మనుషులున్నారు.”

“జరుగుతానమ్మా. ఇంక నాకిక్కడ పనిలేదు.”

కళ్ళు తుడుచుకుంటూ మెట్లు దిగాడు. మెరిసేవి దొరకలేదని అలిగాడు కాబోలు అనుకుంది.

ఆ తర్వాత ఆయన రాలేదు.

చాలా రోజులకి ఎవరో ఒకావిడ రేకు డబ్బా ఒకటి తెచ్చి బల్లమీద పెట్టింది.

“మా పక్కవాటాలో పెద్దాయన పోయారమ్మా. నా అన్నవాళ్ళు లేని మనిషి. ఈ కుర్చీలో కూర్చునే అమ్మాయికి ఇమ్మన్నారు.”

డబ్బా నిండా రుమాలు చుట్టలు. ఆమె ఒకటి విప్పింది. తను అమ్మిన మొదటి నాణెం. దీపం కింద వంచింది.

వెలుగు కదల్లేదు.

ఇంకోటి విప్పింది. అదీ అంతే. ఇంకోటి. ఇంకోటి.

అన్నీ తోమిన నాణేలే. అన్నీ మచ్చలేనివని తన నోటితో తను అమ్మినవే. ఒక్కటి తిరిగొచ్చినా పిల్లతో సహా వీధిలో ఉండేది. ఏ ఒక్కటీ ఆయన చెయ్యి దాటి రాలేదు. అలాంటి మనిషిని పక్కకి జరగమంది. ఆమె బల్లమీద తల ఆనించి ఏడ్చింది.

సాయంత్రం డబ్బా తీసుకెళ్ళి మామయ్య ఒళ్ళో పెట్టి, దాచకుండా అంతా చెప్పింది.

“రేపటినుంచి కుర్చీ దిగిపోతాను మామయ్యా. ఆయన ప్రతిసారీ చెబుతూనే ఉన్నాడు, ముఖం కడుక్కుని వచ్చిందని. నేనే మెచ్చుకోలు అనుకున్నాను.”

డబ్బా తడుముతున్న మామయ్య చెయ్యి ఆగిపోయింది.

“ఏమన్నాడూ? మరి మంచివాటిని?”

“నిద్రముఖం అనేవాడు.”

మామయ్య మసక కళ్ళలోంచి నీళ్ళు కారి డబ్బా మూతమీద పడ్డాయి.

“ఆ మాటలు మా గురువుగారివే తల్లీ. ఆయన వెళ్ళిపోయాక ఈ కొట్లో ఎవరం అనలేదు. నువ్వు దిగొద్దు.”

“మీ గురువుగారా? వెళ్ళిపోవడమేమిటి?”

“కొట్టూ ఆయనదే, షరతూ ఆయనదే, ఒక్క నాణెం తిరిగొచ్చిందని ఆ కుర్చీలోంచి లేపి బయటికి పంపేస్తే, మళ్ళీ ఎన్నడూ ఇంటికి రాని పిల్లా ఆయనదే.”